ఎడిటర్ గారికి, ఎడిటర్ల గురించి

సంపాదకులు గారికి నమస్కారాలు.

కాలేజీలు తెరుచుకునే రోజులివి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలు కొద్ది రోజుల్లో కంప్యూటర్ ల్యాబుల్లో కూర్చుంటారు. మొదటి పూటే బోర్డు మీద సి ప్రోగ్రామ్ రాసి టైప్ చెయ్యమంటారు. దేనిలో టైప్ చేస్తున్నారో, అది ఏం చేస్తుందో, ఏం చెయ్యదో చెప్పడానికి ఒక్క పీరియడ్ కూడా ఉండదు. ఆ పనిముట్టు పేరు టెక్స్ట్ ఎడిటర్. పేరుకి మీ ఉద్యోగమే గాని, మీరు తప్పులు దిద్దుతారు, అది దిద్దదు. చెప్పిన అక్షరం చెప్పిన చోట పెడుతుంది, తీసెయ్యమంటే తీసేస్తుంది, ఫైల్‌లో దాచమంటే దాస్తుంది. ఇంతేగా అని వదిలేసిన చోటే ల్యాబు గంటలు సగం కరిగిపోతున్నాయి.

టర్బో సి నడిచే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. బోర్లాండ్ కంపెనీ 1987లో డాస్ (విండోస్ కంటే ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) కోసం తెచ్చిన సరుకది. ఎడిటర్, రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్, అవుట్‌పుట్ తెర అన్నీ ఒకే నీలం పెట్టెలో సర్ది ఇచ్చారు. ఆనాటికి అది గొప్ప సుఖమే. ఇవాళ దాన్ని డాస్‌లా నటించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో కూర్చోబెట్టి నడిపిస్తున్నాం. దానివల్ల ఎఫ్2 సేవ్, ఆల్ట్ ఎఫ్9 కంపైల్, కంట్రోల్ ఎఫ్9 రన్, ఆల్ట్ ఎఫ్5 అవుట్‌పుట్ అన్న నాలుగూ సి భాషలో భాగాలేనని పిల్లలు నమ్ముతారు. ఎడిటర్ వేరు, కంపైలర్ వేరు అన్న సంగతే తెలియకుండా సెమిస్టర్ దాటిపోతుంది.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ చూడండి. ఆ నీలం తెరలో 7 ఇస్తే 5040 వస్తుంది, సరే. 8 ఇస్తే 40320 రావాలి, వచ్చేది మైనస్ 25216. ఆ కంపైలర్‌లో ఇంట్, అంటే పూర్ణాంకం దాచే చోటు, రెండు బైట్లే. 32767 దాటితే మైనస్ వైపుకి తిరిగిపోతుంది. అదే ఫైల్‌ని జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌తో కంపైల్ చేస్తే 12 దాకా సరిగ్గా వచ్చి, 13 దగ్గర 1932053504 అంటుంది. అదీ తప్పే, పైగా మైనస్ గుర్తు లేని తప్పు కాబట్టి రికార్డులో ఎక్కి సంతకం కూడా పడిపోతుంది. తెర రంగు మారితే లెక్క మారిందేమిటని పిల్లలు కొత్త ఎడిటర్‌ని తిడతారు. దాని పాపం ఇందులో గోరంత కూడా లేదు.

నీలం తెరలోని కీలు కూడా బోర్లాండ్ సొంతం కావు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ అలవాట్లవి: కంట్రోల్ కె తర్వాత బి నొక్కితే బ్లాక్ మొదలు, కంట్రోల్ కె తర్వాత కె నొక్కితే బ్లాక్ ముగింపు. అందులో కంట్రోల్ వై అంటే లైను మొత్తం చెరిపెయ్యమని. విండోస్‌లో అదే కంట్రోల్ వై అంటే రద్దు చేసినదాన్ని తిరిగి తెమ్మని. ఇంట్లో ఒకటి, ల్యాబులో ఒకటి వాడే పిల్లలకి లైన్లు ఎందుకు మాయమవుతున్నాయో అర్థం కాకపోవడంలో వింతేముంది?

కీల జాబితా జెరాక్స్ తీసి పంచితే అది ల్యాబ్ ఎగ్జామ్ దాకా ఉంటుంది. ఆ కీ అక్కడే ఎందుకుందో చెబితే ఉండిపోతుంది. పొందూరులో నూలు వడికేవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. కొత్తగా చూసినవాళ్ళు చేప ఎముకతో ఇదేం పనని నవ్వుతారు. ఆ దవడలో సన్నటి పళ్ళ వరసని దగ్గరగా చూశాక నవ్వరు. ఎడిటర్ల సంగతీ అలాంటిదే. ఒక్కో వింత వెనక ఒక్కో పాత యంత్రం ఉంది.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ఎడ్ అనే ఎడిటర్ నుంచే మొదలుపెడదాం. అప్పటికి తెర లేదు, టెలిటైప్ ఉంది. కాగితం మీద కొట్టే యంత్రం, మోడల్ 33 అయితే సెకనుకి 10 అక్షరాలు. ఫైల్ అంతా చూపించమంటే కాగితమూ దండగ, కాలమూ దండగ. అందుకే ఎడ్ అడిగితే తప్ప ఏదీ చూపించదు. 'ఏ' కొట్టి ఎంటర్ నొక్కితే రాసుకోవచ్చు. రాయడం అయిపోయిందని చెప్పాలంటే ఒక్క చుక్క మాత్రమే ఉన్న లైను కొట్టాలి. 'డబ్ల్యూ' అంటే ఫైల్‌లోకి రాసి, ఎన్ని బైట్లు రాసిందో ఒక అంకె వేస్తుంది. 'క్యూ' అంటే బయటికి. తప్పు చేస్తే ఎర్రర్ మెసేజ్ ఉండదు, ఒక ప్రశ్నార్థకం కొడుతుంది, అంతే. సేవ్ చెయ్యకుండా 'క్యూ' కొట్టినా అదే ప్రశ్నార్థకం. రెండోసారి కొడితే సరేనని వెళ్ళిపోతుంది, రాసింది పోతుంది. ఫైల్ అంతటా ఒక నమూనా వెతికి దొరికిన లైన్లు అచ్చు వెయ్యమని ఎడ్‌లో చెప్పే 'జి, నమూనా, పి' అన్న ఆజ్ఞే గ్రెప్ అన్న విడి ప్రోగ్రామ్‌గా మారింది. పేరు కూడా అక్కడిదే.

ఇప్పుడు వీఐ. ('వై' అని పలికేవాళ్ళు ఉన్నారు, రోమన్ ఆరు అనుకునేవాళ్ళూ ఉన్నారు, 'వీ ఐ' అని విడివిడిగా అనాలి.) 1970ల చివర బర్కిలీలో బిల్ జాయ్ రాశాడు. ముందున్న ఎక్స్ అనే లైను ఎడిటర్‌కి తెర మీద చూపించే రూపమిది. ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ (దూరాన ఉన్న కంప్యూటర్‌కి కలిపే తెర, కీబోర్డు), దానికి 300 బాడ్ మోడెమ్. అంటే సెకనుకి సుమారు 30 అక్షరాలు. 24 వరసలు, వరసకి 80 అక్షరాలు, మొత్తం 1920. తెర ఒకసారి నిండటానికి 64 సెకన్లు. అలాంటప్పుడు మెనూలు గీసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే ఆజ్ఞలన్నీ ఒక్క అక్షరం, రెండక్షరాలు. అవే అక్షరాలు రాయడానికీ కావాలి కాబట్టి రాసే స్థితి వేరు, ఆజ్ఞాపించే స్థితి వేరు. ఐ నొక్కితే రాతలోకి, ఎస్కేప్ నొక్కితే ఆజ్ఞలోకి. ఎస్కేప్ అంత దూరాన మూలనుందేమిటని విసుక్కుంటారు గాని, ఏడీఎం-3ఏ మీద అది ఇప్పటి ట్యాబ్ కీ ఉన్నచోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. బాణం కీలు విడిగా లేవు. హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణాలు అచ్చు వేసి ఉండేవి. హెచ్ ఎడమకి, జె కిందికి ఎందుకంటే అంతకుముందే కంట్రోల్ హెచ్ అంటే ఒక అక్షరం వెనక్కి, కంట్రోల్ జె అంటే ఒక వరస కిందికి. అదే కీబోర్డు మీద హోమ్ కీ, అలలాంటి టిల్డె గుర్తు ఒకే కీలో ఉండేవి. యూనిక్స్‌లో సొంత ఫోల్డర్‌ని ఆ గుర్తుతో పిలవడం అక్కడినుంచి వచ్చిందే. ఇక కోలన్ నొక్కగానే కింద లైనులో కొట్టే ఆజ్ఞలు, పదం మార్చే 'ఎస్' తో సహా, సూటిగా ఎడ్ వంశానివి. కోలన్ నొక్కామంటే 1969లోకి దిగామన్నమాట.

ఈ వరస ఒక పీరియడ్‌లో చెప్పెయ్యొచ్చు. చెప్పాక పిల్లలకి ఇంకో చిన్న సంగతి చూపించాలి. వీఐలో పదం తీసెయ్యాలంటే డి, తర్వాత డబ్ల్యూ. మూడు పదాలకి డి, 3, డబ్ల్యూ. ముందు క్రియ, తర్వాత కర్మ: 'తీసెయ్ పదం'. ఇంగ్లీషు వాక్యం తీరది. మనమైతే 'పదం తీసెయ్' అంటాం. కాకూన్, హీలిక్స్ అని కొత్తగా వచ్చిన ఎడిటర్లు సరిగ్గా మన వరసలోనే నడుస్తాయి. ముందు డబ్ల్యూతో పదాన్ని పట్టుకుంటే అది తెర మీద రంగు మారి కనిపిస్తుంది, తర్వాత డి. ఏం తీసేస్తున్నామో తీసేముందే కళ్ళబడుతుంది. తెలుగు పిల్లలకి ఇది తొందరగా పట్టుబడుతుందని మా నమ్మకం. అయినా ఏ సర్వర్‌లోకి వెళ్ళినా దొరికేది వీఐ గాని, దాని వారసుడైన విమ్ గాని కాబట్టి ముందు అదే నేర్పాలి.

విమ్‌ని బ్రామ్ మూలెనార్ 1988లో అమీగా కంప్యూటర్ మీద మొదలుపెట్టి 1991లో జనానికిచ్చాడు. 2023 ఆగస్టులో చనిపోయేదాకా దాన్ని చూసుకున్నాడు. డబ్బు అడగలేదు, ఇవ్వాలనిపిస్తే ఉగాండా పిల్లలకివ్వమన్నాడు. ఉత్త విమ్ తెరిస్తే మొదటి తెరలో ఆ మాట ఇప్పటికీ కనిపిస్తుంది.

ల్యాబుల్లో విమ్ 'పిచ్చెక్కింది' అన్నప్పుడు ముందు చూడాల్సింది క్యాప్స్ లాక్. అది వెలుగుతుంటే చిన్న జె పెద్ద జె అవుతుంది. కర్సర్ కిందికి దిగే బదులు కింది లైను వచ్చి పైలైనుకి అతుక్కుంటుంది. కె నొక్కితే పైకెళ్ళే బదులు మాన్యువల్ పేజీ తెరుచుకుంటుంది. క్యాప్స్ ఆపి, ఎస్కేప్ నొక్కి, యు నొక్కుకుంటూ వెనక్కి వస్తే చెడింది బాగుపడుతుంది.

తర్వాతది కంట్రోల్ ఎస్. విండోస్ అలవాటులో సేవ్ చేద్దామని నొక్కుతారు. చాలా టెర్మినళ్ళలో దానర్థం 'తెరకి పంపడం ఆపు' అని, టెలిటైప్ కాలంనాటి సైగ. తెర బిగుసుకుపోతుంది. సిస్టమ్ హ్యాంగ్ అయిందని స్విచ్ ఆపేస్తారు, రాసింది పోతుంది. కంట్రోల్ క్యూ నొక్కితే అక్కడికక్కడే కదులుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది కంట్రోల్ జెడ్. వెనక్కి తీసుకుందామని నొక్కితే విమ్ మొత్తం మాయమై ఆజ్ఞలు కొట్టే ప్రాంప్ట్ కనిపిస్తుంది. అది ఆగిపోలేదు, తెర వెనక నిద్రపోతోంది. ఎఫ్‌జి అని కొట్టి ఎంటర్ నొక్కితే తిరిగి వస్తుంది. ఆ సంగతి తెలియక అదే ఫైల్‌ని మళ్ళీ తెరుస్తారు. అప్పుడు 'అటెన్షన్' అంటూ తెర నిండా ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా ఏదో ఒకటి నొక్కితే ఒకే ఫైల్‌కి రెండు కాపీలు తెరుచుకుని, ఆఖర్న సేవ్ చేసింది ముందుదాన్ని తినేస్తుంది. ఇక్కడ నొక్కాల్సింది క్యూ, తర్వాత కొట్టాల్సింది ఎఫ్‌జి.

అదే హెచ్చరిక కరెంటు పోయి వచ్చాక కనిపిస్తే జవాబు వేరు. మన జిల్లాల్లో కరెంటు పోవడం గురించి, ముఖ్యంగా 2018 తిత్లీ తుపాను చూసిన ఉద్దానం వాళ్ళకి, ఒకరు చెప్పక్కర్లేదు. యూపీఎస్ బ్యాటరీలు చాలా ల్యాబుల్లో అలంకారానికే ఉంటాయి. విమ్ ప్రతి 200 అక్షరాలకోసారి, లేదా 4 సెకన్లు చెయ్యి ఆగితే, రాసినదాన్ని అదే ఫోల్డర్‌లో ఒక స్వాప్ ఫైల్‌లో దాస్తుంటుంది. దాని పేరు చుక్కతో మొదలై డాట్ ఎస్‌డబ్ల్యూపీతో ముగుస్తుంది. చుక్కతో మొదలైంది కాబట్టి మామూలుగా చూస్తే కనిపించదు. కరెంటు వచ్చాక అదే ఫైల్ తెరవాలి, హెచ్చరిక దగ్గర ఆర్ నొక్కాలి, వచ్చింది సరిగ్గా ఉందో లేదో చూసుకుని కోలన్ డబ్ల్యూతో సేవ్ చెయ్యాలి, బయటికొచ్చి ఇంకోసారి తెరవాలి, ఈసారి డి నొక్కి పాత స్వాప్ ఫైల్‌ని చెరపాలి. ఈ చివరి పని మరిచిపోతే తెరిచిన ప్రతిసారీ అదే హెచ్చరిక వస్తూనే ఉంటుంది. పోయేది మహా అయితే చివరి ఒకటి రెండు లైన్లు. నీలం తెరలో ఎఫ్2 నొక్కనివాడికి మిగిలేది ఖాళీ తెర.

ఈమ్యాక్స్‌కీ ఇలాంటి ఏర్పాటు ఉంది. 300 కీలు నొక్కితే ఒకసారి, 30 సెకన్లు ఊరుకుంటే ఒకసారి, పేరుకి రెండు పక్కలా హ్యాష్ గుర్తులున్న ఫైల్‌లో దాస్తుంది. 1976లో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ వాళ్ళు టెకో అనే పాత ఎడిటర్ మీద మాక్రోలుగా కట్టింది ఇది. గ్నూ ఈమ్యాక్స్ 1985 నాటిది. లిస్ప్ భాషలో దీన్ని ఎలా కావాలంటే అలా వంచుకోవచ్చు. చిటికెన వేలు నొప్పెడుతుందని దీనిమీదున్న ఫిర్యాదు నిజమే. దీన్ని కట్టినప్పటి ఎంఐటీ కీబోర్డుల మీద కంట్రోల్ స్పేస్ పక్కనే, బొటనవేలికి దగ్గరగా ఉండేది. ఇప్పుడది మూలకి పోయింది. క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకుంటే సగం నొప్పి తగ్గుతుంది.

వీఐ గొప్పా, ఈమ్యాక్స్ గొప్పా అన్న తగువు దశాబ్దాల తరబడి నడిచింది. మనకిలాంటివి కొత్త కాదు. గ్రాంథికమా, వ్యావహారికమా అన్న వాదంలో ముందు నిలబడ్డది మనవాళ్ళే. గిడుగు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, గురజాడ బతికింది విజయనగరంలో. అక్కడైతే వ్యావహారికం గెలిచింది. ఇక్కడ ఇద్దరూ కొట్టుకుంటుంటే మధ్యలో మూడోవాడు వచ్చి కూర్చున్నాడు. మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించిన వీఎస్ కోడ్‌ని వాడుతున్నామని 2023లో ప్రోగ్రామర్ల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో 73 శాతం పైగా చెప్పారు.

దాన్ని తప్పుపట్టడం లేదు, మంచి ఎడిటరే. కాకపోతే దాని లోపల ఒక పూర్తి బ్రౌజర్ ఉంది. 4 జీబీ మెమొరీ ఉన్న ల్యాబు సిస్టమ్‌లో దానికి తోడు క్రోమ్ కూడా తెరిస్తే మౌస్ కదలడానికే ఆలోచిస్తుంది. ఇంకొకటి, అందులో సి ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే కంపైలర్ వచ్చినట్టు కాదు. జీసీసీ విడిగా పెట్టుకోవాలి, విండోస్ అయితే అది ఎక్కడుందో చెప్పే పాత్ సరిచెయ్యాలి. మూడోది చిన్నదే గాని ల్యాబుల్లో రోజూ జరిగేది: ఫైల్ పేరు పక్కన గుండ్రటి చుక్క ఉందంటే సేవ్ కాలేదని. టెర్మినల్‌లో కంపైల్ చేసి, మార్చినా పాత జవాబే వస్తోందని అరగంట తల పట్టుకునేవాళ్ళు ఆ చుక్క వంక చూడరు. నానో అనే చిన్న ఎడిటర్ సులువని ఇస్తే అక్కడ ఇంకో తమాషా. కింద వరసలో టోపీ గుర్తు, ఎక్స్ అని ఉంటుంది. టోపీ అంటే కంట్రోల్ అని చెప్పకపోతే షిఫ్ట్ 6 కొట్టి, తర్వాత ఎక్స్ కొట్టి, ఫైల్‌లో ఆ రెండూ చేర్చి కూర్చుంటారు.

ఫైల్ ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి వెళ్ళినప్పుడు వచ్చే తంటా టైపు నేర్చుకున్న పాతవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. టైప్‌రైటర్ మీద లైను అయిపోతే రెండు పనులు జరగాలి: క్యారేజీ మొదటికి రావాలి, కాగితం ఒక వరస పైకి జరగాలి. టెలిటైప్‌లో ఈ రెండింటికీ రెండు వేర్వేరు సంకేతాలు, 13, 10. డాస్, విండోస్ రెండూ ఉంచుకున్నాయి. యూనిక్స్ 10 ఒక్కటే చాలనుకుంది. పెన్‌డ్రైవ్‌లో విండోస్ నుంచి తెచ్చిన షెల్ స్క్రిప్ట్ లినక్స్‌లో నడవక 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటూ చివర టోపీ, ఎమ్ చూపిస్తే ఆ ఎమ్మే మిగిలిపోయిన 13. విమ్‌లో కోలన్ కొట్టి 'సెట్ ఎఫ్ఎఫ్=యునిక్స్' అని, సేవ్ చేస్తే పోతుంది.

వర్డ్‌లో టైప్ చేసి, పీడీఎఫ్ చేసి, వాట్సాప్ గ్రూపులో పంచే ల్యాబు నోట్స్ గురించి కూడా ఒక మాట. వర్డ్ నిటారుగా ఉండే కోట్ గుర్తుల్ని వంపు తిప్పుతుంది. చూడటానికి ముద్దుగానే ఉంటాయి. కంపైలర్‌కి అవి వేరే అక్షరాలు, మూడేసి బైట్లవి. జీసీసీ 'స్ట్రే 342 ఇన్ ప్రోగ్రామ్' అంటుంది. ఆ 342 వంపు కోట్‌లో మొదటి బైటు, ఎనిమిదుల లెక్కలో (ఆక్టల్‌లో) రాసింది. లైనులో తప్పేమీ కనపడదు, తుడిచి మళ్ళీ కొడితే పోతుంది. నోట్స్ తయారుచేసేవాళ్ళు వర్డ్ మాని ఏదో ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో రాస్తే ఈ బెడదే లేదు.

తెలుగు విషయానికొస్తే ఇది ఇంకా రుచిగా ఉంటుంది. 'శ్రీకాకుళం' అని రాయండి. కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్‌కి పది: శ, పొల్లు, ర, ఈత్వం, క, ఆత్వం, క, ఉత్వం, ళ, సున్న. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 30. సి లో ఊరి పేరుకి 20 సైజు క్యారెక్టర్ అర్రే ఇచ్చే అలవాటు ఉందే, అందులో ఇది పట్టదు. మాట అయిపోయిందని సి చివర పెట్టే సున్నా బైటుతో కలిపి 31 కావాలి. విజయనగరానికి 25. పదాన్ని తిరగెయ్యమనే ప్రోగ్రామ్‌ని పైథాన్‌లో ఇదే పేరు మీద నడిపితే 'ంళుకాకీర్శ' వస్తుంది. క మీదుండాల్సిన కొమ్ము ళ మీదికెక్కింది, ర మీది గుడిదీర్ఘం క మీదికెక్కింది. అక్షరం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క మన ఊళ్ళ పేర్లలోనే దొరుకుతుంటే, ఇంగ్లీషు పేర్లతో ఎందుకు చేయిస్తున్నామో తెలియదు.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. టెర్మినల్‌లో వీఐ తెలుగుకి పనికిరాదు. టెర్మినల్ తెరని సమానమైన గళ్ళుగా కోస్తుంది. మన వత్తులు, గుణింతాలు గళ్ళలో ఇమడవు, కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. తెలుగు రాయాలంటే విండోలో తెరుచుకునే ఎడిటర్ కావాలి: వీఎస్ కోడ్ చాలు, ఈమ్యాక్స్ కూడా 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడుకుని వత్తులు సరిగ్గా కూరుస్తుంది.

ఈ ఏడాది ల్యాబులు మొదలుపెట్టేవాళ్ళని మేం కోరేది పెద్దదేం కాదు, ఖర్చూ లేదు. మొదటి పూట సి జోలికి పోకుండా విమ్‌ట్యూటర్ తెరిపించండి. అది విమ్‌తోనే వస్తుంది, అరగంట పాఠం. రెండో పూట ఎడిటర్‌లో రాసి, బయటికొచ్చి, జీసీసీని విడిగా పిలిపించండి. ఒకసారి అందరూ సగం ప్రోగ్రామ్‌లో ఉండగా, పాత సిస్టమ్‌లు మొండికేస్తే చూసుకునేవాళ్ళు పక్కనున్నప్పుడు, మెయిన్ స్విచ్ మీరే ఆపండి, తర్వాత పోయింది తెచ్చుకోమనండి. రికార్డులో నీలం తెర ప్రింటవుట్లు అడగడం మానండి. వైవాలో ఎక్స్‌టర్నల్ వచ్చి జె అంటే కిందికెందుకని అడిగితే పిల్లలు జవాబు చెప్పగలరు.

ఈ ఉత్తరాన్ని యూటీఎఫ్-8లో మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పంపుతున్నాం. మీ పేజీ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు 'హార్ఫ్‌బజ్', 'వర్డ్‌స్టార్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటుంటుంది, అది రాలిపోతే బ, స వత్తులై కింద వేలాడతాయి. 'ంళుకాకీర్శ' అచ్చుతప్పు కాదు, డెస్క్‌లో ఎవరూ దిద్దకుండా చూడగలరు.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబుల్లో బోధించేవాళ్ళం కొందరం,
విజయనగరం, శ్రీకాకుళం.